మోగని కాలువ

జీవమ్మను చంపింది విజయమ్మ. ఊళ్లో ఎవరు ఏమన్నా జీవమ్మ భర్త కృపావరం వరకు అది తేలిపోయిన సంగతి. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని ఇంట్లో ఉంచనియ్యకుండా, దగ్గరున్న ఆళ్లగడ్డకు కూడా కాదని, నేరుగా నంద్యాలకు తోలింది ఊరి నర్సు విజయమ్మే. జీవమ్మ తిరిగి వచ్చింది. నడిచి రాలేదు.

అప్పటి నుంచి అతను విజయమ్మతో మాట్లాడలేదు. ఆమె ఎదురుపడితే దారి తప్పుకుని అవతలి పక్కన నడిచేవాడు. చర్చిలో సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారాల్లో అందరూ లేచి ముందుకు వెళ్లి మోకరిస్తే, అతను వెనక గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. ఇరుగుపొరుగు మీద పగ పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదని పాస్టరు అయ్యగారు ప్రతిసారీ చెబుతారు. ఆ మాటలో కృపావరానికి తప్పేమీ కనిపించలేదు. పగ ఉంది. కాబట్టి వెళ్లలేదు. ఊరికి కొత్తగా వచ్చిన ఏ అయ్యగారైనా ఎందుకు రావని అడిగితే, జీవమ్మ సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పేవాడు. బస్టాపులో అడిగినవాడికీ చెప్పేవాడు. అడగనివాడికీ చెప్పేవాడు.

కూతురు సిరి తొలికాన్పుకు వచ్చింది. తమ ఊరు నందికొట్కూరులోనే ఉండనిమ్మని ఆమె అత్త శాంతకుమారి నచ్చజెప్పబోయింది. అమ్మ లేని ఇంట్లో కాన్పు ఎవరు చూస్తారని అడిగింది. ఆ మాట కృపావరానికి గుచ్చుకుంది. తొలికాన్పు పుట్టింట్లో జరగాల్సిందేనని పట్టుబట్టి కూతురిని తెచ్చుకున్నాడు. చూసుకోవడానికి తన అక్క చెన్నమ్మను కొత్తపల్లె నుంచి రప్పించాడు. చెన్నమ్మ వచ్చిన పూటే పొయ్యి చోటు మార్చి, ఉప్పు డబ్బా చోటు మార్చి, ఇల్లు తనది చేసుకుంది.

బుధవారం పొద్దున విజయమ్మ వచ్చింది. భుజానికి సంచి, చేతిలో గొడుగు. వాకిట్లోకి రాకుండా వీధిలోనే నిలబడింది. కృపావరం అరుగు మీద కూర్చుని, తూముల షట్టర్లు తిప్పే ఇనుప చేతికి గ్రీజు పూస్తున్నాడు. కాలువ మీద లస్కరు పని అతనిది. తూములు ఎత్తడం, దించడం, గట్లు చూడటం.

"సిరిని ఒకసారి చూసిపోతా కృపన్నా. నెలలు నిండినాయి. బిడ్డ గుండె చప్పుడు వినల్ల."

అతను తలెత్తలేదు. "ఆళ్లగడ్డలో చూపిస్తాండా."

"ఆడ చూసి శాన్నాళ్లాయ. ఇప్పుడు వారం వారం చూడల్ల."

"నీ చెయ్యి ఒకరి మీద పడింది చాలు. పో."

విజయమ్మ పోలేదు. అతని తల మీదుగా గడపలోకి చూసింది. సిరి తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. అన్నం తిన్నాక ఎడమ పక్కకు పడుకుని బిడ్డ కదలిక చూసుకోమనీ, తగ్గినట్టు అనిపిస్తే ఒక్క పూట కూడా ఊరుకోవద్దనీ విజయమ్మ వీధిలోంచే చెప్పింది. చెప్పి గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. కృపావరం గుడ్డతో ఇనుప చేతిని తుడిచాడు. అంటని చోట కూడా తుడిచాడు.

*

శ్రమకాలపు దినాలు, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసాల రోజులు. కాలువలో నీళ్లు సన్నబడ్డాయి. పై నుంచి వదిలేది తగ్గిందని కబురు వచ్చింది. ఇట్లాంటప్పుడు ఏం చేయాలో ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ముందు తాగునీటి చెరువు. తర్వాత పొట్ట మీదున్న వరి. మినుముకూ జొన్నకూ లేదు. చివరి తూముల షట్టర్లు దించెయ్యాలి.

కృపావరం గట్టు వెంట నడుచుకుంటూ ఒక్కో తూము దగ్గర ఆగాడు. ఇనుప చేతిని మరకు తగిలించి, కాలు దిమ్మెకు అదిమి తిప్పాడు. మర కిర్రుమంది. పలక దిగి అడుగును తాకినప్పుడు ఆ తాకిడి చేతికి తెలుస్తుంది. అప్పటికీ కింద సందులోంచి నీళ్లు జారుతూనే ఉంటాయి. గట్టు దిగి, గోనెపట్టా చుట్ట సందులో కూరి, రెండు చేతులతో బంకమన్ను మెత్తాడు. నీళ్లు ఆగాయి. అవతల పిల్లకాలువలో మిగిలిన తడి మెల్లగా ఇసుకలోకి ఇంకింది.

వీరభద్రయ్య గట్టు మీద గొడుగేసుకుని నిలబడి చూస్తున్నాడు. ఊళ్లో ఆయనది కిరాణా కొట్టు. కాలువ చివర మినుము వేశాడు.

"ఎప్పుడు కోత పడినా చివరోడి మెడకేనా అప్పా?"

"తాగే నీళ్లు ముందు. పొట్ట మీదుండే వరి తర్వాత. నీది మినుము. ఓర్చుకుంటాది."

"ఓర్చుకుంటాది. ఎన్ని దినాలు? పైకి పచ్చగనే అగుపిస్తాది. లోపల ఎండిపోతాంటాది. దిగి చూసినోనికి తెలుస్తాది గానీ గట్టు మీద పోయేటోనికి యాడ తెలుస్తాది?"

కృపావరం చేతుల మన్ను కడుక్కున్నాడు. వంతు వచ్చినప్పుడు ఎత్తుతానన్నాడు.

"నీదేం పోతాదిలే. జీవమ్మ పోయిన కాడ్నుంచి నీ గుండె కూడా షట్టరే అయిపాయ" అని వీరభద్రయ్య నవ్వాడు.

కృపావరం ఇనుప చెయ్యి భుజాన వేసుకుని తర్వాతి తూముకు నడిచాడు.

*

గురువారం మధ్యాహ్నం అతను ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. సిరి వడ్డించింది. వంకాయ పచ్చడి వేసి, మజ్జిగ చెంబు పక్కన పెట్టి, లోపలికి పోకుండా అక్కడే గోడ పట్టుకుని నిలబడింది. అతను రెండు ముద్దలు తిన్నాక అంది.

"నాయనా, బిడ్డ నిన్నట్నుంచి సరిగా మెదల్లేదు."

అతను ముద్ద మింగాడు. "మెదల్లేదంటే?"

"ముందు తన్నుతాండె. పక్కకు తిరిగితే పక్కకు వస్తాండె. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి. అదీ గట్టిగా లేదు."

విజయమ్మ నిన్న వీధిలో నిలబడి చెప్పిన మాట ఇద్దరికీ గుర్తుంది. సిరి ఆ పేరు ఎత్తలేదు. ఎత్తకపోయినా అతనికి వినపడింది.

"నిండు కాలువ మోగదు" అన్నాడు కృపావరం. "నీళ్లు సన్నగా ఉన్నప్పుడే రాళ్ల మీద గలగలమంటాయి. నిండినాక సద్దుండదు. నీళ్లాడే ముందు బిడ్డ సద్దు మణుగుతాది. మీ యమ్మకు కూడా నీ కాన్పుకు ఇట్లే."

ఆ చివరి మాట నిజమో కాదో అతనికి తెలియదు. జీవమ్మ సిరిని మోసినప్పుడు అతను ఎప్పుడూ గట్టు మీదే ఉన్నాడు.

చెన్నమ్మ వంటింట్లోంచే అందుకుంది. నిండు కుండ తొణకదని పెద్దలు ఊరికే అన్నారా అంది. తనకు నలుగురు పుట్టారనీ, నలుగురూ చివరి దినాల్లో రాయిలా గమ్మునున్నారనీ, ఇప్పటి పిల్లలకు అన్నిటికీ భయమేననీ చెప్పింది. సిరి తలూపింది. కంచం ఎత్తింది. ఎత్తేటప్పుడు ఎడమ చేతిని పొట్ట మీద పెట్టుకుని, వినేదానిలా ఒక్క క్షణం ఆగింది. కృపావరం చూశాడు. చూసి తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్లాడు. తాగునీటి చెరువుకు నీళ్లు ఎక్కుతున్నాయో లేదో చూడాలి.

*

శుక్రవారం పొద్దున చర్చిలో ఆడవాళ్ల ఉపవాస కూటం. ఉపవాసం ఉండకపోయినా పాటలు విని వస్తానని సిరి అంది. చెన్నమ్మ వెంట వెళ్లింది. కృపావరం అడ్డు చెప్పలేదు. చర్చికి వద్దని ఎవరంటారు? అక్కడికి విజయమ్మ కూడా వస్తుందని అతనికి తెలుసు. ప్రార్థనలో మనిషిని మనిషి ముట్టుకునే పని ఏముందిలే అనుకున్నాడు.

అతను చెరువు తూము దగ్గర చెత్త తీస్తుండగా జేబులో ఫోను మోగింది. చెన్నమ్మ రొప్పుతూ మాట్లాడింది. రెండో పాట దగ్గర సిరి లేచి పోయి విజయమ్మ పక్కన కూర్చుందట. చెవిలో ఏదో చెప్పిందట. విజయమ్మ ప్రార్థన మధ్యలోనే ఆమెను లేపి, అయ్యగారి గదిలోకి తీసుకుపోయి, బెంచీ మీద పడుకోబెట్టి, చిన్న మిషను పొట్ట మీద పెట్టి వినిందట.

"ఇని, ఒక్క మాట కూడా చెప్పలేదు అబ్బీ. ఆటో పిలిచి ఎక్కించుకోని పాయ. ఆళ్లగడ్డకంట. మా నాయనకు చెప్పిపోదాం అని బిడ్డ అంటానే ఉంది. తర్వాత చెప్పొచ్చులే అనె ఆయమ్మ."

కృపావరం చేతిలోని పార కింద పడేశాడు. గట్టు మీద వీరభద్రయ్య బండి కనిపించింది. దాని వెనక ఎక్కాడు. ఎందుకో, ఎక్కడికో వీరభద్రయ్య అడగలేదు. ఆళ్లగడ్డ చేరేసరికి వాళ్లు అక్కడ లేరు. గుండె చప్పుడు పడిపోతోందని నూటెనిమిది వ్యానులో నంద్యాలకు పంపించేశారట.

నంద్యాల.  అదే నర్సు. అదే దారి. కృపావరం బస్సెక్కాడు. శిరివెళ్ల దాటేదాకా, తర్వాత కూడా, విజయమ్మను ఏమనాలో ఒక్కో మాటా పేర్చుకుంటూనే ఉన్నాడు. ఊళ్లో ఎవరి ముందర అనాలో, ఎట్లా అనాలో కూడా పేర్చుకున్నాడు. మాటలన్నీ సిద్ధమయ్యేసరికి బస్సు నంద్యాలలో ఆగింది.

*

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద విజయమ్మ కూర్చుని ఉంది. ఒడిలో సిరి చెప్పులు, గాజులు, చెవి కమ్మలు. లోపలికి తీసుకుపోయేటప్పుడు తీసి ఇచ్చినవి. అతన్ని చూసి లేచింది. పేర్చుకున్న మాటల్లో మొదటిది అతని నోటి దాకా వచ్చింది. ఆమె చేతిలోని గాజులు చూశాక రాలేదు.

డాక్టరమ్మ సాత్విక చిన్న వయసు మనిషి. అతన్ని సిరి మంచం దగ్గరికి పిలిచింది. సిరి పొట్టకు పట్టీ కట్టి ఉంది. పక్కన మిషను లోంచి బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తోంది. పరుగెత్తుతున్నట్టు కాసేపు, ఆపైన ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు నిదానం. మళ్లీ పరుగు. మళ్లీ నిదానం. ఆ నిదానం వచ్చినప్పుడల్లా నర్సు మిషను వైపు చూస్తోంది.

వెంటనే ఆపరేషను చేయాలని డాక్టరమ్మ చెప్పింది. కాగితం అతని ముందుకు జరిపి, సిరి వైపు తిరిగింది.

"కదలిక ఎప్పటి నుంచి తగ్గిందమ్మా? ఇంట్లో ఎవరికైనా చెప్పావా?"

సిరి తండ్రి వైపు చూడలేదు. పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

"ఎవురికీ చెప్పలేదు మేడం."

"చెప్పాలి కదా. చదువుకున్న పిల్లవు. బిడ్డ కదలకపోతే ఎట్లా ఊరుకున్నావు?"

"తెలీలేదు మేడం."

కృపావరం చేతిలో పెన్ను ఉంది. ఊరి బడిలో నేర్చిన అక్షరాలతో పేరు రాశాడు. ఒక్కో అక్షరం విడివిడిగా పడింది. రాసి తల ఎత్తేసరికి మంచాన్ని తోసుకుపోతున్నారు. సిరి చెయ్యి దుప్పటి పక్కన వేలాడుతూ పోయింది.

తలుపులు మూసుకున్నాయి. డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి పోబోతూ ఉండగా కృపావరం అడిగాడు.

"రెండు దినాలు గాలి సరిగా ఆడకుంటే లోపల బిడ్డ ఎట్లా తట్టుకుంటాది మేడం?"

రెండు దినాలని డాక్టరమ్మ అనలేదు. సిరీ అనలేదు. విజయమ్మ అతని ముఖం వైపు ఒకసారి చూసి, చూపు కిందికి దించుకుంది. డాక్టరమ్మ నడుస్తూనే జవాబు చెప్పింది.

"బిడ్డకు గాలి మాయ గుండానే రావాలి. మాయ వాడిపోతే వచ్చేది తగ్గుతుంది. అప్పుడు బిడ్డ ముందు కాళ్లూ చేతులూ ఆడించడం మానుకుంటుంది, ఉన్నది ఖర్చు కాకుండా. గుండె నిదానం చేసుకుంటుంది. ఒంటికి, పేగులకు, మూత్రపిండాలకు పోయే నెత్తురు తగ్గించి తలకూ గుండెకూ మళ్లించుకుంటుంది. మూత్రం తగ్గుతుంది, దాంతో ఉమ్మనీరు తగ్గుతుంది. బయట వాళ్లకు బిడ్డ నిద్రపోతున్నట్టే ఉంటుంది. నిద్ర కాదది. బతకడానికి చేసుకుంటున్న ఏర్పాటు."

"అట్లా ఎంతకాలం ఉంటాది?"

"కొంతకాలమే. ఆ తర్వాత తలకు కూడా చాలదు" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

కృపావరం బెంచీ మీద కూర్చున్నాడు. అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. గోళ్ల సందుల్లో ఇంకా బంకమన్ను ఉంది. చివరి తూములన్నీ దించేసి, సందులకు గోనెపట్టాలు కూరి, చెరువుకు మళ్లించింది ఈ చేతులే. ఆ పని ఎవరూ నేర్పకుండా కడుపులో బిడ్డ ఒక్కటే చేసుకుంది. పై నుంచి వచ్చేది తగ్గిందని దానికి తెలిసింది. తల్లికి తెలిసింది. తల్లి వచ్చి కాలువవాడికే చెప్పింది.

మోగని కాలువలు రెండు రకాలు. నిండింది మోగదు. ఎండిందీ మోగదు. గట్టు మీద నిలబడి వింటే ఏది ఏదో తెలియదు. దిగి, కర్ర గుచ్చి చూడాలి. ఇన్నేళ్లలో ఏ ఒక్క కాలువనూ దిగి చూడకుండా నిండిందని అతను చెప్పలేదు.

*

ఆడపిల్ల. బయటికి తెచ్చినప్పుడు ఏడవలేదు. బొడ్డు పేగు, గోళ్లు పచ్చగా మరక పట్టి ఉన్నాయి. లోపలే దొడ్డికి పోయిందని నర్సులు మాట్లాడుకున్నారు. బల్ల మీద పడుకోబెట్టి ముఖానికి చిన్న గిన్నె లాంటిది ఆనించి తిత్తి నొక్కారు. వరండాలోకి తలుపు సందులోంచి అంతే కనిపించింది. విజయమ్మ నోట్లో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. ఆపైన ఒక శబ్దం వచ్చింది. ఏడుపు అనడానికి లేదు. మూసిన షట్టరు కింద నీళ్లు జారితే వచ్చేటంత శబ్దం. వెంటనే బిడ్డను చుట్టుకుని పసిపిల్లల వార్డుకు ఎత్తుకుపోయారు.

మరునాడు అద్దంలోంచి చూడనిచ్చారు. తల నిండుగా ఉంది. నుదురు విశాలంగా, జీవమ్మ నుదురు లాగా ఉంది. మెడ కింద నుంచి ఒళ్లు వేరే బిడ్డది అన్నట్టు ఉంది. పొట్ట లోపలికి పీక్కుపోయి, తొడల మీద చర్మం ముడతలు పడి వదులుగా వేలాడుతోంది. ఉన్నదంతా ఎక్కడికి పోయిందో, ఎక్కడికి పోలేదో చూస్తేనే తెలుస్తోంది. కృపావరం అద్దం మీద చెయ్యి పెట్టబోయి, మన్ను గుర్తొచ్చి తీసేశాడు.

బెంచీ దగ్గరికి వచ్చేసరికి విజయమ్మ రెండు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి అతని వైపు చాపింది. అతను తీసుకోలేదు. బెంచీ మీద అతని పక్కన పెట్టి, ఆమె కొంచెం దూరంగా కూర్చుంది.

"జీవమ్మక్కను ఈడికి పంపింది నేనే. కాదన్ను" అంది. "ఇంట్లో పెట్టుకుంటే ఆ సాయంత్రమే పోతాండె. పంపితే తెల్లారి పాయ. ఇన్నేండ్లు నువ్వు నన్నంటాంటివి. నేను నోరెత్తలేదు. ఏంటికంటే, ఎవర్నో ఒకర్ని అనకపోతే నువ్వు నిలబడలేవని తెలుసు నాకు."

అతను గోడ వైపు చూస్తున్నాడు.

"సిరి నాకు చర్చిలో ఏం చెప్పిందో కూడా నేను ఎవరికీ చెప్పను" అని ఆమె లేచింది. ఊరికి బస్సు ఉంది, కూటాలున్నాయి, ఇంకో ఇంట్లో కాన్పు ఉంది అని చెప్పి, గొడుగు తీసుకుని వెళ్లింది. టీ మీద మీగడ కట్టింది. ఆమె వరండా మలుపు తిరిగాక కృపావరం గ్లాసు అందుకుని చల్లారిన టీ తాగాడు.

ఆ పొద్దే చెన్నమ్మ ఫోను చేసింది. ఊళ్లో అందరూ అంటున్నారట. నంద్యాలవాళ్లు తొందరపడి కోసి బిడ్డను చెడగొట్టారట. విజయమ్మకు అక్కడ ఏదో ముడుతుందట. జీవమ్మలాగే సిరినీ నంద్యాలకు తోలుకుపోయిందని తాను కూడా అన్నదట. నువ్వు వచ్చి నలుగురిలో అడుగు అబ్బీ అంది. రెండు రోజుల కింద అయితే ఆ మాటలను అతను నోరు తెరుచుకుని మింగేవాడు. ఫోను పెట్టెయ్యమన్నాడు.

*

బిడ్డను సిరి పక్కలోకి ఇచ్చిన నాడు ఆమె భర్త స్టీఫెన్, అతని తల్లి శాంతకుమారి మంచం దగ్గర ఉన్నారు. స్టీఫెన్ నందికొట్కూరులో ట్రాక్టరు షెడ్డులో మెకానిక్. ఆపరేషను అయిన పొద్దే వచ్చాడు, అప్పటి నుంచి ఇక్కడే వరండాలో పడుకుంటున్నాడు. బిడ్డ పాలు రెండు గుక్కలు తాగి అలసిపోయి నిద్రపోతోంది. లేపి మళ్లీ పట్టాలి. కుడిచేతి పట్టు కొంచెం తక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. నెలనెలా తీసుకురావాలి, పెరిగే కొద్దీ చూడాలి, ఇప్పుడే ఏమీ చెప్పలేం అంది.

డాక్టరమ్మ వెళ్లగానే శాంతకుమారి మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. పక్క మంచాల వాళ్లకు వినపడేటంత మాత్రం ఉంది. కడుపులో బిడ్డ కదలకపోతే తల్లికి తెలియదా అంది. గొడ్డుకైనా తెలుస్తుంది అంది. నోరు విడిచి ఒక్కరికి చెప్పి ఉంటే ఈ పసిదాని చెయ్యి ఇట్లా ఉండేదా అని అడిగింది. స్టీఫెన్ తల్లిని ఆపలేదు. అతనూ నిద్ర లేని మనిషి.

"నాకొక ఫోను చేసింటే ఏం పోయింటాది?" అన్నాడు. "దినామూ మాట్లాడ్తిమి కదా. తిన్నావా, పండుకున్నావా అని అన్నీ చెప్తివి. ఇది చెప్పనీకే నోరు రాలేదా?"

సిరి తల వంచుకుని ఉంది. దుప్పటి అంచు దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. వేలి కొస తెల్లబడింది. తండ్రి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడని ఆమెకు తెలుసు. ఒక్కసారి కూడా అటు చూడలేదు. డాక్టరమ్మ అడిగినప్పుడూ చూడలేదు. ఎవరెన్ని అన్నా, ఆ మాట తన దగ్గరే ఉంచుకుని మోసుకుపోవడానికి సిద్ధపడింది. శాంతకుమారి మళ్లీ నోరు తెరిచింది.

"చెప్పింది" అన్నాడు కృపావరం.

ముగ్గురూ అతని వైపు తిరిగారు.

"ఎవరికి అన్నా?" అంది శాంతకుమారి.

"నాకు."

వార్డులో ఎవరో గ్లాసు కడుగుతున్నారు. ఆ చప్పుడు ఆగింది. సిరి వేలికి చుట్టిన దారం అట్లాగే ఉండిపోయింది. తల ఎత్తి, ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి తండ్రి ముఖం చూసింది.

"చెప్తే నువ్వేమన్నావు మామా?" అని స్టీఫెన్ అడిగాడు.

కృపావరం భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "ఆమెను ఇంకొక మాట అనొద్దండి" అన్నాడు. అడిగిన దానికి అది జవాబు కాదు. వార్డు దాటి, మెట్లు దిగి, కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

*

సిరిని, బిడ్డను ఇంటికి తెచ్చారు. శాంతకుమారి బాలింతకు కావలసినవి సర్దిపెట్టి వెళ్లింది. మాటలు తగ్గించి వెళ్లింది. ఇప్పుడు విజయమ్మ ఒకటి రెండు రోజులకోసారి వస్తోంది. మొదటి పొద్దు ఆమె వీధిలోనే ఆగిపోయింది. కృపావరం లోపలి నుంచి కుర్చీ తెచ్చి గడప పక్కన వేసి పెరట్లోకి పోయాడు. ఆమె లోపలికి వెళ్లి బిడ్డ కుడిచేతిని తన వేలి మీద పెట్టుకుని, ఎంత గట్టిగా పడుతుందో చూసింది. సిరికి చేతిని ఎట్లా సాగదీయాలో, ఎట్లా ఆడించాలో నేర్పింది. చెన్నమ్మ వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టింది. కొత్తపల్లెకు పోతానంటే కృపావరం ఉండమనలేదు.

చివరి తూముకు వంతు వచ్చింది. అతను గోనెపట్టా పీకేసి, ఇనుప చెయ్యి తిప్పి, షట్టరు ఎత్తాడు. ఎత్తి ఊరికే పోలేదు. నీళ్ల వెంట పిల్లకాలువలో దిగి చివరి మడి దాకా నడిచాడు. వీరభద్రయ్య మినుము చేలో వంగి మొక్క మొదట్లో వేలు గుచ్చి చూశాడు. కొన్ని చోట్ల వేరు బతికే ఉంది. కొన్ని చోట్ల లేదు. పైకి అన్నీ ఒకే రకం పచ్చగా ఉన్నాయి.

"ఎప్పుడూ మడిలో దిగనోనివి, ఈపొద్దు ఏం దిగినావప్పా?" అని వీరభద్రయ్య గట్టు మీద నుంచి అడిగాడు. కృపావరం కాళ్ల బురద కడుక్కుని తన దారిన పోయాడు.

సంస్కారం ఇచ్చే ఆదివారం వచ్చింది. ఆడవాళ్ల వైపు సిరి బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాట అయ్యాక ఒక్కో వరుసా లేచి ముందుకు వెళ్లి మోకరించింది. విజయమ్మ వెళ్లింది. ఆమె పక్కన ఒకరికి సరిపడా చోటు మిగిలింది. అయ్యగారు గిన్నె పట్టుకుని ఒక్క క్షణం వెనక గోడ వైపు చూశారు. కృపావరం లేవలేదు.

ఆరాధన అయ్యాక అతను చెప్పులు వేసుకుంటుంటే అయ్యగారు వెంట వచ్చారు. మంచి మనిషి. ఊరి సంగతులన్నీ ఆయన చెవిన పడతాయి.

"విజయమ్మను మీ ఇంట్లోకి రానిస్తున్నావని విని సంతోషపడ్డాను కృపావరం. ఈపొద్దు తప్పకుండా ముందుకు వస్తావనుకున్నాను."

"ఆయమ్మ మీద ఏం లేదయ్యా నాకు."

"మరి ఎవరి మీద?"

కృపావరం వాకిలి వైపు చూశాడు. ఎండ పడని పక్కన సిరి నిలబడి, బిడ్డ కుడిచేతిని తన అరచేతిలోకి తీసుకుని, ముడిచి, విప్పి, మళ్లీ ముడుస్తోంది. ఇన్నేళ్లూ జీవమ్మ సంగతి అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పిన నోరు తనది. దాన్ని అతను గట్టిగా మూసుకున్నాడు. తర్వాత తెరిచాడు, ఒక్క మాటకు.

"అది అడగొద్దండి అయ్యగారూ. మీరు గాదు, ఎవురడిగినా నేను సచ్చేదాకా చెప్పను."